పరదా వెనక కుట్టుమిషను

సంక్షేమ శాఖలో కొత్తగా చేరిన ఆడపిల్లలు ఇద్దరు ఈమధ్య ఆదివారాలు మా ఇంటికి వస్తున్నారు. నేను చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పేసరికి గడపలో ఉంటారు. టీ తాగుతారు, నా మోకాళ్ళ నొప్పులకు తెలిసిన తైలాల పేర్లన్నీ చెబుతారు, లేచే ముందు మాత్రం ఒకటే అడుగుతారు: "మేడం, మీరు బర్మా నుంచి వచ్చినవాళ్ళతో పనిచేశారట కదా. మాకేమైనా చెప్పండి."

ఏం చెప్పను? ఉన్నది ఉన్నట్టు చెబితే పిల్లల ఉత్సాహం నీరుగారిపోతుంది. తియ్యగా మార్చి చెప్పే ఓపిక నాకు లేదు. ప్రమోషన్ల గొడవ, ఫైళ్ళ గొడవ వాళ్ళకు ఎలాగూ తప్పవు. వాటిని పక్కన పెట్టి, ఆ ఉద్యోగంలో నన్ను ఇప్పటికీ వదలని సంగతి ఒకటి రాస్తున్నాను. చదివి ఉద్యోగం మానుకుంటారో, ఇంకాస్త కళ్ళు తెరిచి చేసుకుంటారో వాళ్ళ ఇష్టం.

నేను మెదక్ వైపు పిల్లను. మా నాన్న చర్చి బళ్ళో పంతులు. యాభై ఆరులో రాష్ట్రం ఒక్కటైన కొత్తల్లో నాకు హైదరాబాదులో ఉద్యోగం దొరికింది. ఆఫీసు గన్‌ఫౌండ్రీలో, ఒక బ్యాంకు మీది అంతస్తులో. "కింద పైసలు, మీద ఫికర్లు" అని మా చప్రాసీ నవ్వేవాడు. మొదటి కొన్నేళ్ళూ వితంతువుల పింఛన్లు, అనాథ పిల్లల హాస్టళ్ళతో గడిచాయి. ఆ తరవాత బర్మా వాళ్ళు వచ్చారు.

రోజంతా ఏం చేసేవాళ్ళు

అరవై నాలుగు, అరవై అయిదు ప్రాంతాల్లో బర్మా నుంచి తెలుగువాళ్ళు తిరిగి రావడం ఎక్కువైంది. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి రంగూన్ పోయి, అక్కడే పిల్లల్ని కని పెంచినవాళ్ళు. అక్కడి ప్రభుత్వం దుకాణాలు స్వాధీనం చేసుకునేసరికి మళ్ళీ ఓడెక్కారు. ఎక్కువమంది కోస్తా జిల్లాల్లోనే ఆగారు. కొన్ని కుటుంబాలు మాత్రం రైల్లో నాంపల్లి దాకా వచ్చాయి. స్టేషనుకు దగ్గర్లో ఒక పాత గోదాము కిరాయికి తీసుకుని, గోనెపట్టాలతో గదులు కట్టి వాళ్ళను అందులో ఉంచాం.

మాకిచ్చిన శిక్షణలో బియ్యం, దుప్పట్లు, టీకాల గురించి చెప్పారు. మనిషికి రోజు ఎలా గడుస్తుందో ఎవరూ చెప్పలేదు. గోదాములో నాకు మొదట కనబడింది అదే. ముఖ్యంగా పదేళ్ళు దాటి ఇరవై నిండని పిల్లలు. రంగూన్‌లో వాళ్ళకు పొద్దున లేస్తే ఒక పని ఉండేది, ఆ పనిలో ఒక పేరు ఉండేది. ఇక్కడ లేచి ముఖం కడుక్కున్నాక ఏముంది? వరసలో నిలబడడం. నీళ్ళ వరస, బియ్యం వరస, దవాఖాన వరస.

సింహాచలం అని ఒక కుర్రవాడు ఉండేవాడు. రంగూన్‌లో చిన్న పడవ మీద జనాన్ని ఏరు దాటించేవాడట. మేం అతన్ని ఫిట్టరు పనిలో పెట్టాం. బాగానే నేర్చుకున్నాడు. సాయంత్రం మాత్రం నడుచుకుంటూ ఖైరతాబాద్ పోయి హుస్సేన్ సాగర్ గట్టు మీద కూర్చునేవాడు. ఒకసారి ఎందుకు పోతావని అడిగాను. "ఈ నీలు కదల్దమ్మా," అన్నాడు. అతను తరవాత మంచి ఫిట్టరయ్యాడు, ఇల్లు కట్టుకున్నాడు. మా ఆఫీసులో అతని గురించి ఎప్పుడూ మంచే చెప్పుకునేవాళ్ళం.

ఇంకో వింత చూశాను. రంగూన్ బజార్లలో హిందుస్తానీ నడిచేది కాబట్టి, బజారులో తిరిగిన పిల్లలకు ఇక్కడి ఉర్దూ ఇట్టే పట్టుబడింది. ఇంటిపట్టున ఉన్న తల్లులకు అది రాలేదు, వాళ్ళ తెలుగేమో ఇక్కడివాళ్ళకు సరిగా అందదు. దాంతో పిల్లలే పెద్దవాళ్ళకు నోరయ్యారు. దవాఖానలో కాంపౌండరు ముందు నిలబడి, తల్లి ఆడరోగం గురించి పన్నెండేళ్ళ కొడుకు ఉర్దూలో చెబుతుంటే చూశాను. ఆ తల్లి కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆ పిల్లాడు గోడ వంక చూస్తూ చెప్పాడు.

కొత్త పిల్లలకు పనికొచ్చే మాట నా దగ్గర ఉంటే ఇదొక్కటే: ఎవరొచ్చినా, ముందు వాళ్ళ రోజు అడగండి. పొద్దున లేచి ఏం చేసేవారు, ఎక్కడ కూర్చునేవారు, ఎవరు ఎవర్ని పిలిచేవారు అని. ఆస్తుల గురించి తరవాత అడగవచ్చు. మేం అలా అడగలేదు.

మా పెద్దాయన

మా ఆఫీసుకు పెద్దాయన మూర్తిగారు. గుంటూరు వైపు మనిషి, రాజధాని మారినప్పుడు కర్నూలు నుంచి వచ్చారు. ఖద్దరు చొక్కా, నల్ల గొడుగు, ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం. ఎవరి దగ్గరా కప్పు కాఫీ తాగి ఎరగరు. బర్మా వాళ్ళ కోసం ఆయన మంత్రుల గుమ్మాల్లో పడిగాపులు పడ్డారు. ఆయన లేకపోతే ఆ గోదాము కూడా దొరికేది కాదు. ఆయన్ని గురించి ఏం రాసినా ఈ మాట ముందు రాయాలి.

ఆయనకొక సూత్రం ఉండేది. "చూడండమ్మా, మగాడికి దుకాణం, ఆడపిల్లకి కుట్టుపని, పిల్లాడికి బడి. ఈ మూడూ కుదిరాయంటే కుటుంబం నిలబడ్డట్టే." మేమంతా ఆ మాట వేదవాక్కుగా పట్టుకున్నాం. గన్‌ఫౌండ్రీ నుంచి ఆబిడ్స్ దాకా నడిస్తే దారి పొడుగునా దర్జీ దుకాణాలే, ప్రతి దాంట్లోనూ మెడలో టేపు వేసుకుని కూర్చున్నది మగవాడే. మూర్తిగారి చొక్కాలు కుట్టిందీ, మా జాకెట్లు కుట్టిందీ వాళ్ళే. అయినా కుట్టుపని అనగానే మా అందరికీ ఆడపిల్లే గుర్తొచ్చేది. కళ్ళెదుట ఉన్నదాన్ని చూడకుండా ఉండడానికి మాకు చదువు బాగా ఉపయోగపడింది.

అప్పన్న కుటుంబం

అప్పన్నకు అప్పటికి యాభై ఉంటాయి. సన్నటి మనిషి, వంగిన భుజాలు, ఎప్పుడూ గళ్ళ లుంగీ. భార్య రంగూన్‌లోనే పోయింది. కూతురు సూరమ్మకు పదిహేడేళ్ళు, కొడుకు రాములుకు తొమ్మిది. సూరమ్మ వచ్చినప్పుడు బర్మా ఆడవాళ్ళలా బుగ్గలకు గంధంలా అరగదీసిన చెక్కపొడి రాసుకుని, నడినెత్తిన ముడి వేసుకుని ఉండేది. చుట్టుపక్కల వాళ్ళు నవ్వేసరికి కొన్నాళ్ళకే మానేసింది.

ముగ్గుర్నీ మూర్తిగారి ముందు నిలబెట్టాం.

"అక్కడ ఏం చేసేవాళ్ళయ్యా మీరు?" అని అడిగారాయన.

"కొట్టుండీదండి బాబూ," అన్నాడు అప్పన్న.

"బాగుంది. ఇక్కడా కొట్టు ఇస్తాం. నడుపుకుంటావా?"

అప్పన్న కూతురి వంక చూశాడు. తల ఊపాడు.

"అమ్మాయ్, నువ్వు కుట్టుపని నేర్చుకుంటావా?"

సూరమ్మ తల ఊపింది. పిల్లాణ్ణి బళ్ళో వేద్దామంటే రాములు కూడా తల ఊపాడు. మూర్తిగారి ముఖం వెలిగిపోయింది. ఎంత చక్కగా వింటున్నారో చూడండమ్మా అన్నారు నాతో.

నాంపల్లి నుంచి ఆబిడ్స్ పోయే రోడ్డు పక్కన వరసగా చెక్క కొట్లు వేయించాం. జనం వాటిని బర్మా దుకాణాలనేవాళ్ళు. అందులో ఒకటి అప్పన్నకు వచ్చింది. పిల్లల గౌన్లు, లుంగీలు, రిబ్బన్లు సరుకు. సూరమ్మను కోఠీలో కుట్టు శిక్షణలో చేర్చి, అందరు ఆడపిల్లలతో పాటు ఒక మిషను కూడా ఇచ్చాం.

నేను రోజూ ఆ కొట్టు ముందు నుంచే ఆఫీసుకు పోయేదాన్ని. అప్పన్న దవాఖానలో వంతు కోసం కూర్చున్నవాడిలా పీట మీద కూర్చుని ఉండేవాడు. ఎవరైనా ధర అడిగితే నీళ్ళు నమిలేవాడు. ఒకరోజు ఒకావిడ కూతురికి గౌను కావాలంటే, అతను గౌనును తిరగేసి కుట్టు చూపించి, "ఇది నిలవదమ్మా, పది దినాలకి ఇప్పుకుపోద్ది," అని చెప్పి మళ్ళీ మడత పెట్టేశాడు. ఆవిడ ఆశ్చర్యపోయి వెళ్ళిపోయింది. నేను నవ్వుకుంటూ ఆఫీసుకు పోయాను. ఆ గౌను ఎందుకు తిరగేశాడో ఆలోచించలేదు.

ఇంకోపక్క కోఠీ నుంచి ఫిర్యాదు. సూరమ్మ క్లాసులో సూదులు విరగ్గొడుతోంది, దారం చిక్కు పెడుతోంది. ఇంటికి ఇచ్చిన పని మాత్రం దొరసానుల దర్జీ కుట్టినట్టు తెస్తోంది. "ఎవరితోనో కుట్టించుకొస్తుంది మేడం," అన్నది అక్కడి టీచరు. "క్లాసుకు గూడ సరిగ్గ వస్తలేదు. జర మీరే చూడండ్రి."

గేటు దగ్గర నేర్చుకున్నది

మర్నాడు మధ్యాహ్నం కొట్టు దగ్గరికి పోయాను. ఎప్పుడూ ఖాళీగా ఉండే కొట్టు ముందు ఆడవాళ్ళు మూగి ఉన్నారు. పీట మీద అప్పన్న లేడు. సూరమ్మ మోకాలు పైకి పెట్టుకుని, ఒక చేత్తో రిబ్బను కొలుస్తూ, ఇంకో చేత్తో గౌను ఎత్తి చూపుతూ, ఉర్దూలో ఒకావిడతో బేరమాడుతోంది, ఇంకొకావిడను పోనీయకుండా కేకేస్తోంది. గోదాములో తల వంచుకుని బియ్యం వరసలో నిలబడే పిల్లేనా అనిపించింది. కొట్టు వెనక భాగంలో, పూల పూల బర్మా లుంగీ గుడ్డ ఒకటి పరదాలా వేలాడుతోంది. దాని వెనక నుంచి కుట్టుమిషను చప్పుడు.

నన్ను చూడగానే సూరమ్మ చేతిలోని రిబ్బను వదిలేసింది. పీట మీంచి ఎగిరి దూకి, "నాన్నా, బేగి రా!" అంది. పరదా తొలగించుకుని అప్పన్న బయటికొచ్చాడు. మెడలో టేపు, పళ్ళ మధ్య దారం. వచ్చి పీట మీద కూలబడ్డాడు. సూరమ్మ పరదా వెనక్కి దూరింది. మిషను మళ్ళీ మొదలైంది. గుడ్డ లేకుండా ఉత్త చక్రం తిప్పుతున్న చప్పుడు అది.

నాకు నవ్వొచ్చింది. అప్పన్న మెడలోని టేపు తీసి లుంగీ మడతలో దాచుకోవడం చూశాక ఆ నవ్వు నిలవలేదు.

"ఇదేంది సూరమ్మా? బయటికి రా," అన్నాను.

వచ్చి నిలబడింది. మెల్లగా అడిగితే మెల్లగా చెప్పింది. రంగూన్‌లో కొట్టు వాళ్ళదే, కానీ కూర్చునేది తల్లి. అప్పన్న కొట్టు వెనక బట్టలు కుట్టేవాడు.

"అక్కడ బజార్ల కొట్టు మీద ఆడోల్లే కూకుంటారమ్మా. మగోడు కూకుంటే బేరానికెవులూ రారు. మా అమ్మ కూకునీది. అమ్మ పోయినాక ఆ పీట మీద నాను కూకున్నాను. నాన్న కుట్టీవోడు, నాను అమ్మీదాన్ని."

"మరి ఆ రోజు అయ్యగారు అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

సూరమ్మ తండ్రి వంక చూసింది. "రంగూన్ రేవు గేటు కాడ పోలీసోల్లు ఏటేటో అడిగినారమ్మా. అవునని తలూపినోల్లని దాటించీసినారు. అలాక్కాదండి అన్నోల్ల మూటలు మల్లీ ఇప్పించినారు. మా పక్కింటోల్లు కాదన్నారు, ఓడ తప్పిపోనాది. ఇక్కడా బల్లెనకాల కూకుని అయ్యగోరు అడిగినారు. తలూపీసినాం."

మాకు తల ఊపడమంటే ఒప్పుకోవడం. వాళ్ళకు అది గేటు దాటడం. మేం ఎన్ని కుటుంబాల తలలు ఊపించామో లెక్క లేదు.

"ఈ పీట మట్టుకు తీసీకండమ్మా," అంది సూరమ్మ. "మిషను పట్టుకుపోండి, బియ్యం ఆపీండి. ఈ పీటొక్కటీ ఉంటే నాను బతికీగలను. మా అమ్మ పక్కనున్నట్టుంటాది."

గుండీ ఊడిన చొక్కా

పీట తీసేసే ప్రమాదం నిజంగానే ఉంది. ఎవరి పేరున కొట్టు ఇచ్చామో వాళ్ళే నడపాలి, లేకపోతే వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇవ్వాలి. అది రూలు. కోఠీ నుంచి ఫిర్యాదు అప్పటికే మూర్తిగారికి చేరింది. నేను పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన గొడుగు తీసుకుని, "పదండి, చూద్దాం," అన్నారు.

నేను ముందు నడిచి సూరమ్మకు ఒక్కటే చెప్పాను: ఈసారి దూకకు.

దూకలేదు. బేరం ఆపలేదు. బురఖా వేసుకున్న ఒకావిడ పిల్లాడి చొక్కా విసిరేసి వెళ్ళిపోతుంటే, "ఓ అమ్మీ, ఇధర్ ఆవ్," అని వెనక్కి పిలిచి, నవ్వించి, రెండు చొక్కాలు అంటగట్టింది. మూర్తిగారు రోడ్డు పక్కన గొడుగు కింద నిలబడి అంతా చూశారు. ఆ తరవాత దగ్గరికి పోయి తన చొక్కా చూపించారు.

"అమ్మాయ్, గుండీ ఊడింది. నువ్వు కుట్టగలవా?"

సూరమ్మ తల ఊపుతుందనుకున్నాను. ఊపలేదు.

"నాకు రాదండి బాబూ," అంది. "మా నాన్నకొచ్చు."

ఆ పిల్ల మాలో ఒకరికి ఎదురుగా కాదని చెప్పడం అదే మొదటిసారి. మూర్తిగారు నవ్వారు. అప్పన్న పరదా తొలగించుకుని బయటికొచ్చి, ఆయన ఒంటి మీద చొక్కా ఉండగానే గుండీ కుట్టి, పళ్ళతో దారం తెంపాడు. "నడుస్తున్న కొట్టు. ఎవరు ఎక్కడ కూర్చుంటే మనకేమండీ," అన్నారు మూర్తిగారు. నాకు ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది.

తిరిగి వస్తూ మాత్రం గన్‌ఫౌండ్రీ మలుపు దగ్గర ఆగి, "అయినా ఆడపిల్ల, ఎన్నాళ్ళు కూర్చుంటుందమ్మా అలా బజార్లో?" అన్నారు. తరవాత వచ్చిన కుటుంబాలకు కూడా ఆయన అదే సూత్రం వాడారు. మంచి అధికారి తప్పు దిద్దుకోగలడని మీరు అనుకుంటారు. మా పెద్దాయన ఒక్క ఇంటికి దిద్దుకున్నారు. మిగతా ఇళ్ళకు తీరిక దొరకలేదు.

మంచి ఏళ్ళు

తరవాత కొన్నేళ్ళు ఆ కొట్టు కళకళలాడింది. సూరమ్మ నోరు పెద్దదైంది. నేను ఏదైనా సలహా ఇస్తే, "అలాక్కాదండమ్మా, మీకు బేరం తెల్దు," అని ముఖం మీదే చెప్పేది. ఆ మాట వినడానికే నేను ఆగేదాన్ని. ఆఫీసులో ఎవరి మీదైనా చిరాకుగా ఉంటే, ఆ కొట్టు ముందు కాసేపు నిలబడితే తగ్గేది. వెనక పరదా ఉండేది. ఇక దాచాల్సింది లేకపోయినా దారపు పోగులు సరుకు మీద పడకుండా ఉంటాయని ఉంచుకున్నారు.

నాంపల్లిలోనే ప్రెస్సులో పనిచేసే ఒక కుర్రవాడు, అతనూ బర్మా నుంచి వచ్చినవాడే, సూరమ్మను చేసుకున్నాడు. పీట గురించి అతనికి అభ్యంతరమేమీ లేదు. వాళ్ళమ్మ కూడా అక్కడ చేపలు అమ్మేదట.

ఈ కథలో నేను సరిగా చూడనిది రాములును. బర్మా అక్షరాలు తప్ప ఏమీ రాని తొమ్మిదేళ్ళవాణ్ణి బళ్ళో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టాం. వాడి మాట వింటే పిల్లలు నవ్వేవారు. సాయంత్రాలు అక్క పీట పక్కన కూర్చుని, రోడ్డు అవతలి బోర్డులు పైకి చదువుకుంటూ తెలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. యాస మార్చుకున్నాడు. నడక మార్చుకున్నాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి వాణ్ణి చూసి ఇక్కడి పిల్లాడు కాదని ఎవరూ అనలేరు. వాళ్ళ హెడ్‌మాస్టరు నన్ను పిలిచి మెచ్చుకుంటే నేనూ పొంగిపోయాను. ఇక్కడివాడు కావడానికి వాడు ఏమేమి వదిలేయాల్సి వచ్చిందో, ఇంకా ఏమేమి వదిలేస్తాడో ఆ పొంగులో తోచలేదు.

పెళ్ళి అయ్యేదాకా

రాములుకు ఇరవై దాటగానే సంబంధం వచ్చింది. పాత హైదరాబాదీ వ్యాపారుల ఇల్లు, మర్యాదస్తులు. వాళ్ళు కొట్టు చూడడానికి వస్తామన్నారు. అప్పటికే అప్పన్నకు కళ్ళు మసకబారి సూదిలోకి దారం పోవడం లేదు. తండ్రి పక్కన అన్నేళ్ళు ఉండి సూరమ్మ కుట్టుపని నేర్చుకునే ఉంది. "అక్కా, పెండ్లి అయ్యేదాంక నువ్వు లోపల కూసో, నాయిన ఇంట్ల ఉండనీ, నేను ముందు చూసుకుంట," అన్నాడట రాములు. అందులో తప్పేముంది? అందరికీ సబబుగానే తోచింది. ఎవరూ ఎవర్నీ తొయ్యలేదు. నేను పెళ్ళికి పోయాను, డబల్ కా మీఠా తిన్నాను, వధూవరుల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేశాను.

రిటైరయ్యే ముందు ఒకరోజు ఆ దారిన పోతూ కొట్టు దగ్గర ఆగాను. పెళ్ళి అయి ఏడాది దాటింది. చెక్క కొట్టు పోయి సిమెంటు గది వచ్చింది. పీట పోయి కుర్చీ వచ్చింది, అందులో ఇస్త్రీ చొక్కాతో రాములు. వెనక పరదా అలాగే ఉంది, గుడ్డ మాత్రం కొత్తది. లోపల మిషను నడుస్తోంది.

ఒకావిడ గౌను ధర అడిగింది. రాములు చెప్పాడు. ఆవిడ పెదవి విరిచి మెట్టు దిగింది. పరదా వెనక మిషను ఆగింది. "ఓ అమ్మీ, ఇధర్ ఆవ్," అని లోపలి నుంచి ఒక గొంతు వినిపించింది. ఆవిడ తిరిగి చూసింది. పిలిచింది ఎవరో కనబడక రాములు వంక అయోమయంగా చూసింది. రాములు చెవులు ఎర్రబడ్డాయి. ధర తగ్గించి గౌను కాగితంలో చుట్టి ఇచ్చాడు. మిషను మళ్ళీ నడిచింది.

నాకు కోపం వచ్చింది. ముసలితనం వల్లనో, ఆ గొంతు వల్లనో దాచుకోలేకపోయాను.

"రాములూ, అక్కను ముందు కూర్చోపెట్టవేందిరా? ఈ కొట్టు ఆమె నిలబెట్టిందే కదా," అన్నాను.

వాడు లేచి నా కోసం కుర్చీ తుడిచాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. "గట్లెట్ల మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "నాకేం కాదు, మంది ఏమంటరు? మా దాంట్ల ఆడోళ్ళు దుకాణం మీద కూసోరు."

మా దాంట్ల. వాళ్ళమ్మ ఏ బజారులో కూర్చునేదో, తను ఎవరి పీట పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాడో వాడికి గుర్తులేదని కాదు. అది ఇప్పుడు వాళ్ళది కాదు. ఇక్కడివాళ్ళకు ఏది ఉందో అదే వాళ్ళదైంది. మగాడికి దుకాణం, ఆడపిల్లకి కుట్టుపని. సూరమ్మ కొడుకు బళ్ళో ఉన్నాడట, అదీ కుదిరింది. మూర్తిగారు అప్పటికి కాలం చేశారు. ఉండి ఉంటే చూసి సంతోషించేవారు. మా ఆఫీసు మొదటి రోజున పొరపాటున ఇచ్చిన పనిని ఆ కుటుంబం పన్నెండేళ్ళు తిరిగి తిరిగి చివరికి తీసుకుంది.

పిల్లలూ, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మన పనిలో ఓటమి ఏడుస్తూ రాదు. శుభ్రమైన గది, ఇస్త్రీ చొక్కా, మర్యాదగా వేసిన కుర్చీ, ఇలా వస్తుంది. అలాంటి ఇంటికి పోయినప్పుడు కాస్త ఎక్కువసేపు కూర్చోండి. నాకు ఇంతకన్నా తెలియదు.

నేను పరదా దగ్గరికి పోయి పక్కకు తీశాను. చిన్న బల్బు కింద సూరమ్మ, ఒళ్ళో సగం కుట్టిన గౌను, పెదవుల మధ్య దారం. తండ్రి కూర్చున్నట్టే వంగి కూర్చుంది. నన్ను చూసి నవ్వింది. బేరం రాదని నన్ను మళ్ళీ కసురుతుందని ఒక్క క్షణం ఆశపడ్డాను.

"సూరమ్మా, నీ పీట ఏది?" అన్నాను.

"ఇంటికాడుందమ్మా. పిల్లడు దాని మీద కూకుని సదూకుంటాడు."

ముందు నుంచి రాములు ఎవరికో ధర చెబుతున్నాడు. సూరమ్మ తల అటు తిరిగింది, మళ్ళీ ఇటు తిరిగింది.

"మరి, బాగున్నావా?" అని అడిగాను.

సూరమ్మ తల ఊపింది.